ఒకే అచ్చులోంచి వచ్చే బంగాళాదుంప: గొట్టపు డబ్బా చిప్స్ తయారీ వెనక ఉన్న లెక్క

కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల అంగళ్లలోనైనా, అనంతపురం మీదుగా బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న దుకాణాల్లోనైనా, బంగాళాదుంప చిప్స్ రెండు రూపాల్లో కనిపిస్తాయి. గాలితో ఉబ్బి దండలుగా వేలాడే ప్యాకెట్లలో ఉండేవి ఒక రకం. వాటిలో ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. పొడవాటి గొట్టపు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి వచ్చేవి రెండో రకం. వాటిలో పై బిళ్లకూ అడుగు బిళ్లకూ తేడా కనిపెట్టడం కష్టం. ఒకే సైజు దుంపలను ఏరి, మంచి యంత్రంతో సమానంగా కోసి వేయిస్తే ఇలా వస్తాయని చాలామంది అనుకుంటారు. ఎంత మంచి యంత్రంతో కోసినా దుంప ముక్కలు ఇలా రావు. అంత కచ్చితమైన పోలిక కావాలంటే దుంపకు సహజంగా ఉన్న కట్టుబాటును ముందుగా పూర్తిగా చెరిపేసి, ఎండు రేకులుగా మార్చి, పిండిలా కలిపి, కొత్తగా ఒక బిళ్లను నిర్మించాలి. బిళ్ల మందం, వంపు, వేగే సమయం, డబ్బా, చివరికి చట్టం దృష్టిలో దాని పేరు కూడా ఈ ఒక్క నిర్ణయం నుంచే పుట్టాయి.

ప్యాకెట్‌లోని మామూలు చిప్స్ ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, అంచుకు కొంచెం లోపలగా సన్నని వలయం కనిపిస్తుంది. దుంపలో నీటినీ పోషకాలనూ మోసే నాళాల జాడ అది. ఆ వలయానికి లోపలి భాగంలో నీరు ఎక్కువ, బయటి భాగంలో పిండిపదార్థం ఎక్కువ. వేడి నూనెలో పడినప్పుడు రెండు భాగాలూ ఒకే వేగంతో ఎండవు కనుక ముక్క తన ఇష్టం వచ్చినట్టు ముడుచుకుంటుంది. ఒకే దుంపలోనే ఇంత తేడా ఉంటే, వేరువేరు పొలాల నుంచి, వేరువేరు శీతల గిడ్డంగుల నుంచి వచ్చిన దుంపల మధ్య తేడా గురించి చెప్పనక్కర్లేదు. దుంప బరువులో సుమారు 80 శాతం నీరే. మిగిలిన ఘనపదార్థం రకాన్ని బట్టి, నేలను బట్టి, కోత సమయాన్ని బట్టి మారుతుంది. గిడ్డంగిలో చలి మరీ ఎక్కువైతే దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర నూనెలో త్వరగా నల్లబడి చేదు తెస్తుంది. ఈ ఇబ్బంది తగ్గించడానికే సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ 1998లో కుఫ్రీ చిప్సోనా-1, కుఫ్రీ చిప్సోనా-2 అనే రకాలను విడుదల చేసింది. వీటిలో ఘనపదార్థం ఎక్కువ, చక్కెర తక్కువ. ఇలాంటి రకాలతో చిప్స్ రంగు, రుచి నిలకడగా వస్తాయి. వాటి ఆకారం మాత్రం అదుపులోకి రాదు.

అందువల్ల ఒకే ఆకారం కోరే తయారీదారు పచ్చి దుంపను వదిలి ఎండు రేకులతో పని మొదలుపెడతాడు. ఫ్లేక్స్ అని వ్యాపారంలో పిలిచే ఈ రేకుల తయారీయే మొత్తం వ్యవహారంలో అతి సున్నితమైన దశ. బయటివారు దాదాపుగా పట్టించుకోని దశ కూడా ఇదే. దుంపలను కడిగి, అధిక పీడనంలో ఉన్న ఆవిరిని కొన్ని సెకన్లు తగిలించి ఒక్కసారిగా పీడనం తగ్గిస్తే తోలు ఊడి వస్తుంది. తోలు తీసిన దుంపలను మందపాటి చక్రాలుగా కోసి, ముందుగా 70 డిగ్రీల సెల్సియస్‌కు కొంచెం పైన ఉన్న నీటిలో సుమారు 20 నిమిషాలు ఉంచుతారు. వెంటనే చల్లటి నీటిలో చల్లబరుస్తారు. ఆ తర్వాతే ఆవిరిలో పూర్తిగా ఉడికిస్తారు. ఉడికించేదాన్ని మధ్యలో చల్లార్చడం మొదటి చూపుకు వృథా ఖర్చులా కనిపిస్తుంది కానీ, అసలు కీలకం అక్కడే ఉంది.

దుంప కణాల నిండా పిండిపదార్థపు రేణువులు ఉంటాయి. తగిన వేడి తగలగానే అవి నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఆ స్థితిలో కణాల గోడలు చిరిగితే జిగురంతా బయటికి వచ్చి ముద్ద బంకలా సాగుతుంది. ఉడికించిన దుంపను మిక్సీలో ఎక్కువసేపు తిప్పినప్పుడు ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. మొదటి వేడిలో రేణువులు కణం లోపలే ఉబ్బుతాయి. చల్లారినప్పుడు వాటిలోని అమైలోజ్ అనే భాగం మళ్లీ గట్టిపడి నీటిలో కరగని రూపానికి వస్తుంది. ఆ తర్వాత ఎంత ఉడికించినా, ఎంత చిదిమినా జిగురు అదుపులో ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖకు ఫిలడెల్ఫియా దగ్గర ఉన్న పరిశోధనాలయంలో 1950ల దశకంలో ఈ పద్ధతికి రూపం వచ్చింది. ఇన్‌స్టంట్ మెత్తని ఆలు ముద్ద కోసం చేసిన ఆ పరిశోధనే గొట్టపు డబ్బా చిప్స్‌కు పునాది అయింది.

ఉడికిన దుంపను జల్లెడ రంధ్రాల గుండా ఒత్తి, లోపల ఆవిరితో వేడెక్కుతూ తిరిగే పెద్ద ఇనుప డ్రమ్ము మీద పల్చని పొరగా పరుస్తారు. డ్రమ్ము ఒక చుట్టు పూర్తి చేసేలోపే ఆ పొరలో తేమ 80 శాతం నుంచి 7 శాతం దరిదాపులకు పడిపోతుంది. పొడవాటి కత్తి దాన్ని డ్రమ్ము మీద నుంచి గీకేస్తుంది, విరగ్గొడితే రేకులవుతాయి. కిలో రేకులకు అయిదారు కిలోల పచ్చి దుంపలు పడతాయి. ఈ రేకుల్లో నాళాల వలయం ఉండదు, తోలు ఉండదు, తల ఏదో తోక ఏదో తెలియదు. వందల దుంపలు ఒకదానిలో ఒకటి కలిసి సగటు దుంప ఒకటి తయారవుతుంది. ఇకపై తేమ ఎంత, జిగురు ఎంత, చక్కెర ఎంత అనే అంకెలతో పని సాగుతుంది. ఏ రైతు పొలం నుంచి వచ్చిందన్నది ఫ్యాక్టరీకి అక్కరలేదు.

ఒట్టి దుంప రేకులతో చేసిన పిండి పల్చగా సాగదు, వేగాక గట్టిగా ఉంటుంది. అందుకని బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, గోధుమ స్టార్చ్ (గోధుమలోని పిండిపదార్థం), స్టార్చ్ నుంచే చేసే మాల్టోడెక్స్‌ట్రిన్ పొడి వంటివి కలుపుతారు. బియ్యప్పిండి కరకరనిస్తుంది, స్టార్చ్ పొరను పట్టి ఉంచుతుంది. లేబుల్ మీద ఐఎన్ఎస్ 471 అని కనిపించే ఎమల్సిఫయర్ (నూనె, నీరు కలిసి ఉండేలా చేసే పదార్థం), బయటికి వచ్చిన అమైలోజ్‌కు అంటుకుని జిగురు తగ్గిస్తుంది కాబట్టి పిండి రోలర్లకు అతుక్కోకుండా ఉంటుంది. ఈ జాబితా చూసి కల్తీ అనుకోవడం సరికాదు. ప్రతి పదార్థానికీ ఒక పని ఉంది. అయితే దీన్ని బంగాళాదుంప ముక్కగా భావించి కొనడం కూడా సరికాదు. మన దేశంలో ఆహార ప్రమాణాల నిబంధనల ప్రకారం పదార్థాలను బరువు తగ్గే వరుసలోనే లేబుల్ మీద రాయాలి. ఆ వరుస ఒక్కసారి చదివితే ఏది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఆ అక్షరాల సైజూ, తెలుగులో లేకపోవడమూ మాత్రం నిజంగా బాధ కలిగించే విషయాలు. రోజూ కొనే తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఆ వరుస చదివే వీలుంది అన్నది తయారీదారులు ఆలోచించవలసిన ప్రశ్న.

పిండి కలిపి పల్చగా ఒత్తే దశ అర్థం కావడానికి సీమ ఇళ్లలో చేసే నిప్పట్లను గుర్తు చేసుకోవచ్చు. బియ్యప్పిండిలో ఉప్పు, కారం, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన చెనక్కాయ పప్పు, కాచిన నూనె వేసి తడిపి, చిన్న ముద్ద తీసుకుని నూనె రాసిన కవరు మీద వేళ్లతో ఒత్తుతారు. వేళ్ల బలం అంతటా ఒకేలా పడదు కనుక మధ్యలో మందం, అంచుల్లో పల్చదనం వస్తాయి. బాణలిలో అంచు ఎర్రబడే వేళకు మధ్య ఇంకా మెత్తగానే ఉంటుంది. తడి ఎక్కువైతే కవరుకు అంటుకుంటుంది, తక్కువైతే అంచులు చీలుతాయి, ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే పూరీలా పొంగుతుంది. ఫ్యాక్టరీ ఎదుర్కొనే చిక్కులూ అచ్చంగా ఇవే. అక్కడ వేళ్ల స్థానంలో ఉక్కు రోలర్లు ఉంటాయి, అందాజా స్థానంలో తూకం ఉంటుంది. పిండిలో తేమను సుమారు మూడో వంతు దగ్గర నిలిపి, వరుసగా అమర్చిన రోలర్ జతల మధ్య నుంచి పంపుతారు. ఒక్కో జత మధ్య సందు ముందున్న దానికంటే తక్కువ. చివరి జత దాటేసరికి పొర మందం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. ఒక్కసారిగా అంత పల్చగా నొక్కితే పొర చిరుగుతుంది కాబట్టే ఈ అంచెలంచెల ఒత్తుడు.

అర మిల్లీమీటరు పొరలో పదో వంతు తేడా వచ్చినా ఒక బిళ్ల మాడుతుంది, పక్క బిళ్ల పచ్చిగా మిగులుతుంది. అందుకే మందాన్ని నడుస్తున్న బెల్టు మీదే కొలుస్తూ, రోలర్ల సందును ఎప్పటికప్పుడు సరిచేస్తారు. తర్వాత తిరిగే కట్టర్ ఆ పొర నుంచి కోడిగుడ్డు ఆకారపు బిళ్లలను కోస్తుంది. గుండ్రని అంచులున్న ఆకారాలను ఎంత దగ్గరగా అమర్చినా మధ్యలో ఖాళీ తప్పదు. లెక్క ప్రకారం, వరుసలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా అమర్చినా 9 శాతం పైన, నేరు వరుసల్లో అయితే 21 శాతం పైన పొర మిగిలిపోతుంది. ఆ మిగులును పారేయకుండా మళ్లీ పిండిలో కలుపుతారు. అయితే ఒకసారి తడిసి, ఒకసారి నలిగిన పిండిలో జిగురు ఎక్కువ. అది ఒక గంట ఎక్కువగా, మరో గంట తక్కువగా కలిస్తే పొర స్వభావమే మారుతుంది. కాబట్టి తాజా పిండికి మిగులు పిండి నిష్పత్తిని స్థిరంగా ఉంచడం అక్కడ పనిచేసేవారికి రోజువారీ బాధ్యత.

కోసిన బిళ్లలు ఒక్కొక్కటీ వంపు తిరిగిన లోహపు అచ్చు మీద పడతాయి. అచ్చుకు రంధ్రాలుంటాయి, వాటి గుండా నూనె లోపలికి, ఆవిరి బయటికి పోతాయి. పైనుంచి మరో అచ్చు వచ్చి కప్పుకోవడంతో బిళ్ల ముడుచుకోవడానికి గానీ, పొంగడానికి గానీ చోటు ఉండదు. ఆ స్థితిలోనే నూనె తొట్టి గుండా ప్రయాణిస్తుంది. మామూలు చిప్స్ ముక్క 180 డిగ్రీల దరిదాపుల నూనెలో రెండున్నర, మూడు నిమిషాలు వేగాలి; ఈ బిళ్లకు సుమారు 11 సెకన్లు చాలు. అర మిల్లీమీటరు మందం, మొదటే తగ్గించిన నీరు, రెండు వైపులా తగిలే నూనె కలిసి ఆ వేగాన్ని తెస్తాయి. నూనె నుంచి బయటికి వచ్చేసరికి తేమ 2, 3 శాతానికి పడిపోయి, అచ్చులో ఉన్న వంపులోనే బిళ్ల బిగుసుకుంటుంది. సమయం ఇంత తక్కువ కావడం వరమూ శిక్షా రెండూ. ఉత్పత్తి వేగం పెరుగుతుంది గానీ, రెండు సెకన్ల తేడా కూడా రంగును మార్చేస్తుంది.

నూనెలో రంగు మారడంతో పాటు మరో మార్పు కూడా జరుగుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు, 120 డిగ్రీలకు పైన వండిన పిండిపదార్థాల్లో అక్రిలమైడ్ అనే హానికర రసాయనం ఏర్పడుతుందని వెల్లడించారు. దుంపలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి ఇది పుడుతుంది. యూరోపియన్ యూనియన్ 2017లో తెచ్చిన నిబంధన, కోసిన చిప్స్‌కూ పిండితో చేసిన చిప్స్‌కూ ఒకే సూచిక పెట్టింది: కిలోకు 750 మైక్రోగ్రాములు. పిండితో చేసేవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఆస్పరజిన్‌ను విడగొట్టే ఎంజైమును పిండిలోనే కలపవచ్చు. కోసిన ముక్క లోపలికి దాన్ని చేర్చడం కష్టం.

ఇక ఆకారం సంగతి. జీను మీద కూర్చున్నప్పుడు ముందు వెనకలు పైకి లేచి, కుడి ఎడమలు కిందికి వంగినట్టు ఉండే ఈ రూపాన్ని గణితంలో హైపర్బోలిక్ పారాబొలాయిడ్ అంటారు. మెక్సికోలో ఫెలిక్స్ కాండెలా 1958లో ఇదే రూపంతో ఒక రెస్టారెంటుకు కేవలం నాలుగు సెంటీమీటర్ల మందపు కాంక్రీటు కప్పు వేశాడు. 2012 లండన్ ఒలింపిక్స్ సైకిల్ పందాల స్టేడియం కప్పుదీ ఇదే రూపం. ఒకే దిశలో వంగిన రేకును ఇంకో దిశలో తేలిగ్గా వంచవచ్చు. రెండు దిశల్లో ఎదురెదురుగా వంగినదాన్ని అలా వంచలేం, ఒక వంపు మీద పడిన భారాన్ని రెండో వంపు పంచుకుంటుంది. అయితే ఈ ఆకారపు గణితాన్ని మెచ్చుకునేవారు దానికి అవసరానికి మించిన ఘనత ఇస్తున్నారేమో అనిపిస్తుంది. డబ్బాకు కావలసింది ఫలానా వంపు అని కాదు, ప్రతి బిళ్లకూ అదే వంపు ఉండాలి. అప్పుడే ఒకదాని మీద ఒకటి పూర్తిగా ఆనుకుని, పైనున్న బరువు ఒక్క మొన మీద పడకుండా బిళ్ల అంతటా పరుచుకుంటుంది. ఒక్క బిళ్ల వంకర తిరిగినా దాని పైనున్నవన్నీ విరగడానికి సిద్ధంగా ఉంటాయి.

ఉప్పుకారాలు చల్లే పద్ధతి కూడా ఈ ఆకారం వల్లే మారింది. మామూలు చిప్స్‌ను తిరిగే పీపాలో వేసి మసాలాతో కలిపి దొర్లిస్తారు. ఈ బిళ్లలను అలా దొర్లిస్తే విరిగిపోతాయి, వరుస చెదిరిపోతుంది. అందుకని బెల్టు మీద వెళుతున్నప్పుడే, ఒంటి మీద నూనె ఇంకా వెచ్చగా ఉండగా, పైనుంచి పొడి చల్లుతారు. ఫలితంగా రుచి ఒక వైపే ఎక్కువ ఉంటుంది. పెదవికి ఒక వైపు, నాలుకకు మరో వైపు తగిలించి తిని చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. బెల్టు వేగం పెంచినకొద్దీ ఇంకో చిక్కు వచ్చింది: తేలికైన, వంపు తిరిగిన బిళ్లలు గాలికి పైకి లేచిపోసాగాయి. వాటి చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుందో లెక్కగట్టడానికి సూపర్ కంప్యూటర్లు వాడామని, ఈ చిప్స్‌ను మొదట తెచ్చిన అమెరికా సంస్థ ప్రాక్టర్ అండ్ గాంబుల్ ఇంజినీర్లు 2000ల దశకంలో చెప్పారు.

ఆ సంస్థకు ఈ ఆలోచన మొదట వచ్చింది రుచి కోసం కాదు. ప్యాకెట్లలో చిప్స్ సగం పొడై ఉంటున్నాయని, పాచిపోతున్నాయని, ప్యాకెట్ నిండా గాలే ఉంటోందని అమెరికా వినియోగదారులు 1950ల దశకంలో చేసిన ఫిర్యాదులకు జవాబుగా ఫ్రెడరిక్ బావర్ అనే రసాయన శాస్త్రవేత్త 1956 నుంచి 1958 వరకు శ్రమించి వంపు బిళ్లనూ, గొట్టపు డబ్బానూ రూపొందించాడు. డబ్బా బాగుంది, లోపలి సరుకు రుచి బాగోలేదు. 1960ల దశకం మధ్యలో అలెగ్జాండర్ లీపా రుచిని సరిదిద్దాడు. తర్వాతి కాలంలో సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు తెచ్చుకున్న జీన్ వుల్ఫ్, ఇంజినీరుగా వేయించే యంత్రం రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. 1968లో ఇండియానా రాష్ట్రంలో ప్రింగిల్స్ పేరుతో అమ్మకాలు మొదలయ్యాయి. బావర్ పేటెంటు దరఖాస్తు 1966 నాటిది, అది మంజూరైంది 1970లో. ఆ పేటెంటు ఈ చిప్స్‌ను ప్యాక్ చేసే విధానం మీద. ఈ ఉత్పత్తిలో డబ్బాకే మొదటి పీట అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఈ బ్రాండును 2012లో కెలాగ్స్ సంస్థ సుమారు 270 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

అదే డబ్బా ఇప్పుడు చెత్త లెక్కల్లో తలనొప్పిగా మారింది. అట్ట గొట్టం, లోపల రేకు పూత, అడుగున లోహపు బిళ్ల, పైన ప్లాస్టిక్ మూత కలిసి ఉండటంతో వాటిని విడదీయడం కష్టం. 2017లో బ్రిటన్ రీసైక్లింగ్ సంఘం దీన్ని తమ ప్రధాన శత్రువుల్లో ఒకటిగా పేర్కొంది. 2020లో ఆ దేశంలో కాగితం డబ్బాను ప్రయోగాత్మకంగా అమ్మి చూశారు.

పిండితో చేసినదాన్ని చిప్స్ అనవచ్చా అన్న తగాదా కోర్టుల దాకా వెళ్లింది. పచ్చి దుంపలు కోసి వేయించే తయారీదారుల అభ్యంతరంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1975లో ఒక షరతు పెట్టింది: ఎండబెట్టిన దుంపలతో చేసినవని పేరు పక్కనే రాస్తేనే చిప్స్ అన్న మాట వాడాలి. సంస్థ ఆ మాటనే వదులుకుని క్రిస్ప్స్ అని రాసుకుంది. బ్రిటన్‌లో కథ తిరగబడింది. అక్కడ ఆహారం మీద చాలావరకు వ్యాట్ లేదు, బంగాళాదుంప క్రిస్ప్స్ (చిప్స్‌కు అక్కడి పేరు) మీద మాత్రం ఉంది. తమ బిళ్లల్లో దుంప 42 శాతమే ఉందనీ, వాటి ఆకారం ప్రకృతిలో లేనిదనీ, కాబట్టి అవి క్రిస్ప్స్ కావనీ సంస్థ వాదించింది. 2008లో హైకోర్టు ఒప్పుకుంది. 2009 మేలో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పికొట్టి, పన్ను కట్టాల్సిందేనని చెప్పింది. అప్పటిదాకా పేరుకున్న బకాయి దాదాపు 10 కోట్ల పౌండ్లు. అప్పీలు కోర్టు చూసింది సరైన దిశలోనే. ఒక తినుబండారం ఏమిటన్నది దాని పదార్థాల శాతం ఒక్కటే తేల్చదు. దాన్ని జనం దేనిగా కొని తింటున్నారో కూడా చూడాలి.

ఇలాంటి ప్రశ్న మన దగ్గర గొట్టాల విషయంలో వచ్చింది. పిల్లలు వేళ్లకు తొడుక్కుని తినే గొట్టాలు, చక్రాలు, జల్లెడ బిళ్లలు కడప, ప్రొద్దుటూరు, ఆదోని వీధుల్లో గొట్టపు డబ్బాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా అమ్ముడవుతాయి. వీటిలోనూ ఆకారం కచ్చితంగా ఒకేలా ఉంటుంది. అది వచ్చే దారి వేరు. బంగాళాదుంప స్టార్చ్ లేదా రేకులు, మైదా, మొక్కజొన్న, బియ్యప్పిండి వంటివాటిని తయారీదారు తన లెక్క ప్రకారం కలిపి, ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో వేడి, ఒత్తిడి కింద ఉడికించి, కావలసిన ఆకారపు రంధ్రం గుండా బయటికి తోస్తారు. రంధ్రం ముందు తిరిగే కత్తి ముక్కలు చేస్తుంది. వాటిని గంటల తరబడి నిదానంగా ఎండబెట్టి, తేమ 10, 12 శాతానికి వచ్చాక ఆపుతారు. తొందరపడి ఎండబెడితే పైపొర ముందే బిగుసుకుని లోపల పగుళ్లు వస్తాయి. అలాంటి గొట్టం నూనెలో సరిగా పొంగదు. ఇలా ఎండిన, ఇంకా వేయించని ముక్కను పెల్లెట్ అంటారు. బాగా ఎండిన పెల్లెట్ నెలల తరబడి నిల్వ ఉంటుంది. వేడి నూనెలో పడగానే లోపల మిగిలిన కొద్దిపాటి నీరు ఆవిరై కొన్ని సెకన్లలోనే దాన్ని రెండు మూడింతలు పొంగిస్తుంది. చిప్స్ బిళ్లను పొంగకుండా అచ్చు బిగించి పట్టుకుంటే, గొట్టాన్ని పొంగడానికే సిద్ధం చేస్తారు.

ఈ పెల్లెట్ల మీద పన్ను ఎంత అన్నది ఏళ్ల తరబడి వివాదం. వేయించి తినే చిరుతిండిలా చూడాలా, ఇంకా వండని సరుకులా చూడాలా అన్నదే ప్రశ్న. 2023 జూలైలో జరిగిన జీఎస్టీ మండలి 50వ సమావేశం, ఎక్స్‌ట్రూషన్ పద్ధతిలో చేసి ఇంకా వేయించని పెల్లెట్లను ఏ పేరుతో పిలిచినా వాటి మీద పన్నును 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. చిన్న యూనిట్లకు ఇది పెద్ద ఊరట. సీమ పట్టణాల్లో గొట్టాలు ప్యాక్ చేసేవారు ఎక్కువగా ఎండు పెల్లెట్లను బస్తాల్లో తెప్పించుకుని, వేయించి, ఉప్పుకారం చల్లి, చిన్న కవర్లలో కట్టి కిరాణా అంగళ్లకు వేసేవారే.

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో బంగాళాదుంపతో చిరుతిండ్ల పరిశ్రమ నిలబడుతుందా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ తయారీ పద్ధతిలోనే ఉంది. సీమలో ఉర్లగడ్డ అని పిలిచే ఈ పంట గడ్డ కట్టడానికి రాత్రులు చల్లగా, 20 డిగ్రీల లోపు ఉండాలి. రాష్ట్రంలో దీని సాగు ప్రధానంగా చిత్తూరు ప్రాంతంలోని పలమనేరు, పుంగనూరు, వి.కోట వంటి ఎత్తు ప్రాంతాలకే పరిమితం. కోసి వేయించే చిప్స్ ఫ్యాక్టరీ కావాలంటే గుజరాత్‌లోని బనాస్‌కాంఠా లాంటి చోట్ల నుంచి 80 శాతం నీరున్న దుంపను లారీల్లో మోసుకురావాలి. రేకులతో చేసే చిరుతిండికి ఆ భారం లేదు. నీరు తీసేసిన సరుకే వస్తుంది, చెడిపోదు, శీతల గిడ్డంగి అక్కరలేదు. దానితో కలిపే బియ్యం, మొక్కజొన్న రెండూ కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లోనే పండుతాయి. చెనక్కాయ పండే అనంతపురంలో సైతం చిరుతిండ్లు ఎక్కువగా దిగుమతి పామాయిల్‌లోనే వేగుతుండటం ధర తెచ్చిన పరిస్థితి. దాన్ని ఒక్క యూనిట్ మార్చలేదు.

గొట్టపు డబ్బా చిప్స్ లైను మాత్రం చిన్న పెట్టుబడికి అందేది కాదు. నిరంతరం మందం కొలిచే రోలర్లు, వందలాది జతల అచ్చులు, అచ్చులతో సహా బిళ్లలను నూనెలోంచి తీసుకెళ్లే తొట్టి, వరుస చెదరకుండా డబ్బాలో పేర్చే యంత్రం అన్నీ ఒకే వేగంతో నడవాలి. ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి ఫ్యాక్టరీలు కొద్ది చోట్లే ఉండటానికి కారణం ఇదే. పెల్లెట్ల దారి అలా కాదు. ఎక్స్‌ట్రూడర్, ఎండబెట్టే గది, వేయించే తొట్టి వేరువేరు ఊళ్లలో, వేరువేరు చేతుల్లో ఉన్నా పని సాగుతుంది. సీమ యూనిట్లు ఇప్పటిదాకా చివరి దశకే పరిమితమయ్యాయి. పెల్లెట్ తయారీలోకి దిగాలనుకునేవారు యంత్రం ధర కంటే ముందు తెలుసుకోవలసింది కొనే రేకుల తేమ, జిగురు, చక్కెర అంకెలు. బస్తా బస్తాకూ అవి మారితే ఎంత మంచి యంత్రమైనా ఒకే ఆకారం ఇవ్వదు. వేయించే నూనె విషయంలో 2018 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఒకటుంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదు. ఈ పరీక్ష చేతిలో ఇమిడే పరికరంతో నిమిషాల్లో అయిపోతుంది, చిన్న యూనిట్‌కు కూడా అందుబాటులో ఉన్నదే.